గ్రాహముఖ సూత్రమునకు టీకాతాత్పర్యము

మూలము: జలరేఖకు దిగువగా, వెన్నుదూలమునకు చేరువగా, ముందునకు నోరుదెఱచి, యొంటిగా నుండునది గ్రాహముఖము.

అవతారిక: ఇంటి ఏసీ తన వేడిని వీధిలోని గాలికి విసరివేయును, పడవ ఏసీ యన్ననో, కండెన్సరునకు సముద్రజలము త్రాగించి, గదిలోని యుక్కను ఆ నీటితోడనే కడలికి సాగనంపును. 12,000 బీటీయూల యంత్రమునకు నిమిషమునకు ఇంచుమించు 11 లీటర్లు వలయును. ఆ నీరు లోనికి రావలెనన్న, తేలుటకై పుట్టినదాని పొట్టకు చిల్లు పొడువక తప్పదు. సూత్రకారుని పొదుపు మాటలకు ఆ భయమే కారణము.

టీక: గ్రాహముఖము = నీటిని గ్రహించు త్రూహల్, అనగా పడవపొట్ట చిల్లున బిగించు మూతి. గ్రాహమనగా మొసలి యనియు నర్థము గలదు. నీటిలో నడగి నోరుదెఱచి యుండుటచే ఆ యర్థమును చెడదు. జలరేఖకు దిగువగా = పడవ ప్రక్కకొరిగినను గాలి మ్రింగనంత లోతున. ఏసీ పంపు సెంట్రిఫ్యూగల్ జాతిది. తన చెంతకు వచ్చిన నీటిని త్రోయ నేర్చును గాని గాలిని త్రోసి దూరపు నీటిని పీల్వ నేరదు. అందుచే పంపును జలరేఖకు దిగువనే యుంచి, సీకాకు (మూతికి లోపలి కవాటము) నుండి స్ట్రైనరు మీదుగా పంపు వఱకు గొట్టము ఎగబ్రాకుచునే పోవునట్లు చేయవలెను.

వెన్నుదూలమునకు చేరువగా = పడవ అడుగున నిడుపుగా సాగు నడిమి దూలము (కీల్) చెంత. ముందునకు నోరుదెఱచి = పడవ సాగు దిక్కునకు గాడులు చూపు స్కూపు గలదై. సూత్రమునకు ప్రాణమీ పదమే. గుండ్రని బల్లపరుపు మూతియైనచో, రేవున నున్నంతసేపు చక్కగా పనిచేసి, పడవ కదలినతోడనే, నీరు మూతిని ఒరసికొని జాఱిపోవుచు లోనిదానిని సైతము వెలికిలాగును. ఫ్లోరిడాలో ఒక మిత్రుని నావపై వెడలినపుడు, ప్రక్కరంధ్రమున వేలిలావున దూకుచుండిన ధార వేగము హెచ్చినకొలది దారమై, చుక్కలై, నిలిచిపోవుటయు, లోపల మీటల పలకపై అధికపీడన సూచన వెలుగుటయు నేను కన్నులార చూచితిని. పడవను గట్టెక్కించి చూడగా స్కూపున్నది, కాని దాని మొగము వెనుకకున్నది!

ఒంటిగా = ఇంజనుతో పొత్తు లేక. ఇంజను పంపు బలశాలి. ఒకే మూతికి ఇరువురిని కట్టినచో బలహీనుని పాలు కూడ అదియే పీల్చివేయును.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో ‘నోరుదెఱచి’కి మారుగా ‘నోరుదెఱవక’ అని యున్నది. ఇది లేఖకదోషము కాదు, జెనరేటరు ప్రకరణమునుండి జాఱిపడినది. ఆగియున్న జెనరేటరునకు ముందుమొగపు స్కూపు అమర్చినచో, పడవ వేగమే నీటిని పంపు దాటించి మఫ్లరు నింపి, తుదకు సిలిండరులోనికి త్రోయును. అచ్చట మూతి మొద్దుగా నుండుటయే క్షేమము. మా మిత్రుని పనివాడు అనుసరించిన పాఠము మాత్రము ఏ ప్రతియందును నాకు కానరాలేదు.

తాత్పర్యము: చల్లదనము కోరువాడు ముందు పడవక్రింద దూరవలెను.

విశేషములు: లోహమును గూర్చి సూత్రకారుడు పలుకడయ్యెను. కంచు మేలు, గాజునారు కలిపిన నైలానును వాడుదురు. అంగడిలో కంచువలె మెఱయు ఇత్తడి మాత్రము ఉప్పునీట తన జింకును పోగొట్టుకొని, గులాబివన్నె తిరిగి, పెళుసుబాఱి, ఒకనాడు చేతిలోనే విఱిగివచ్చును. స్కూపు గాడులలో నత్తగుల్లలవంటి బార్నకిల్స్ అంటుకొని పెరుగును. తెఱచి గీకుటకు వీలుగా మడతబందు గల జల్లెడను కొనుట, సూత్రమున లేకున్నను, నా మతము.