అధఃపథం: డ్రెయిన్ ప్లగ్ పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

వేళ్లతోడనె ముచ్చుట్లు విసుగు లేక
తిప్పు; పోకున్న వెనుదిప్పి తిరిగి చూడు;
రాగి యుంగర మొక్కటి రక్ష గాగ;
మరలు చెడిపోవు తమ్ముడా మంకు కతన.

అవతారిక

ఈ తేటగీతి కోయంబత్తూరు పీళమేడులో మా మేనమామ కారు సర్వీసు లెక్కలు రాసుకున్న నోటుబుక్కులో, అట్ట లోపలి వైపున దొరికింది. కర్త పేరు లేదు, తేదీ లేదు, నూనె మరక మాత్రం ఉంది. భాష తెలుగు, లిపి తమిళం. ఇందులో వింత లేదు. కోయంబత్తూరులో, మధురలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో తమిళం చదువుకున్న కుటుంబాలు ఎన్నో. మా మామకు ఓనమాలు రావు, తెలుగు సామెతలు మాత్రం నా కంటే ఎక్కువ వచ్చు.

మల్లినాథ సూరి మన మెదకు సీమ వాడు. కిరాతార్జునీయానికి తాను రాసిన వ్యాఖ్యకు ఘంటాపథమని పేరు పెట్టాడు, అంటే రాజమార్గం. నా వ్యాఖ్య పుట్టింది కారు కింద, వెల్లకిలా పడుకుని. అందుకని దీనికి అధఃపథమని పేరు.

ప్రతిపదార్థం

తమ్ముడా = ఓ సోదరా (ఆదివారం పొద్దున్నే కారు కిందికి దూరినవాడా అని భావం); వేళ్లతోడనె = చేతి వేళ్లతోనే; ముచ్చుట్లు = మూడు చుట్లు; విసుగు లేక = లోపలి నుంచి టిఫిన్‌కు పిలుస్తున్నా తొందరపడక; తిప్పు = ప్లగ్గును కుడికి తిప్పుము; పోకున్న = లోపలికి సాగనిచో; వెనుదిప్పి = ఎడమకు తిప్పి; తిరిగి చూడు = మరల యత్నించుము; రాగి యుంగరము ఒక్కటి = రాగి వాషరొకటి; రక్ష గాగ = కాపుదలగా ఉండగా; మంకు కతన = మొండితనం కారణంగా; మరలు = మరచుట్లు; చెడిపోవు = పాడగును.

తాత్పర్యం

పాత ఇంజనాయిలు దించిన తర్వాత, ఇంజను అడుగున ఆయిలు నిలిచే సంపు కింది ప్లగ్గును మళ్లీ పెట్టేటప్పుడు, మొదటి మూడు చుట్లూ వేళ్లతోనే తిరగాలి. తిరగకపోతే అది వంకరగా కూర్చుందని గ్రహించి, వెనక్కి తీసి మళ్లీ పెట్టాలి. కొత్త వాషరు వేయాలి. బలం చూపిస్తే మరలు తెగుతాయి.

విశేషాలు

"వేళ్లతోడనె" లోని ఎకారం అవధారణార్థకం. పద్యానికి ప్రాణం ఇదే. "వేళ్లతోడ" అని ఊరుకుంటే వేళ్లతోనూ తిప్పవచ్చు, స్పానరుతోనూ తిప్పవచ్చు అనే అర్థం వచ్చేది. ఆ ఒక్క అచ్చు స్పానరును పెట్టెలోకి పంపేసింది. ప్లగ్గు ఉక్కుది. చాలా కార్లకు సంపు అల్యూమినియంది, మెత్తది. ఉక్కు మర వంకరగా దిగితే అల్యూమినియం తనకు తాను దారి ఇచ్చేస్తుంది, కొత్త తప్పుడు మర కోసుకుంటుంది. చేతిలో పొడుగాటి స్పానరు ఉంటే ఆ కోత తెలియదు, "బాగా బిగుస్తోంది" అనిపిస్తుంది. వేళ్లకు అంత బలం లేదు. ఆ బలహీనతే ఇక్కడ గుణం. అడ్డం వచ్చినచోట వేలు ఆగిపోతుంది, స్పానరు ఆగదు.

మూడు చుట్లే ఎందుకు? ఛందస్సు కోసమని కొందరు. కాదు. ఎన్నో చిన్న కార్ల ప్లగ్గు 14 మిల్లీమీటర్ల మర, చుట్టుకు ఒకటిన్నర మిల్లీమీటరు లోపలికి దిగుతుంది. మూడు చుట్లకు నాలుగున్నర మిల్లీమీటర్లు. వంకరగా పెట్టిన ప్లగ్గు మొదటి అర చుట్టు మర్యాదగానే పోతుంది, తర్వాతే పట్టేస్తుంది. మూడు చుట్లు వేళ్లతో హాయిగా పోయిందంటే అది తిన్నగా ఉన్నట్టే. కవి కారు కింద పడుకున్నవాడేనని చెప్పడానికి ఈ ఒక్క సంఖ్యే చాలు.

"వెనుదిప్పి" అన్న పదాన్ని పైపైన చదివి దాటిపోకూడదు. ఇది ఓటమి చెప్పే మాట కాదు, విద్య చెప్పే మాట. ప్లగ్గును రంధ్రానికి ఆనించి ముందు ఎడమకు, అంటే విప్పే వైపుకు, మెల్లగా తిప్పాలి. ఒకచోట టక్కుమని చిన్నగా కింది మెట్టు మీదికి దిగినట్టు వేళ్లకు తెలుస్తుంది. మర మొదలు మరతో కలిసిన చోటు అది. అక్కణ్ణుంచి కుడికి తిప్పితే తిన్నగా పోతుంది. మా అమ్మమ్మ తీర్థయాత్రలకు తీసుకెళ్లే మరచెంబు మూత ఇలాగే పెట్టేది. ముందు వెనక్కి, తర్వాత ముందుకు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెంబు మర చెడితే రామేశ్వరం నీళ్లు ఇంటికి రావు మరి.

"మరలు" దగ్గర శ్లేష ఉంది. మరచుట్లు అని ఒక అర్థం, వెనుకకు తిరుగుట అని మరో అర్థం. మర చెడితే వెనక్కి తిరిగే దారీ చెడుతుందని ధ్వని. కవి ఇది ఉద్దేశించాడా అని అడగకండి. వ్యాఖ్యాత పని కవికి లేని తెలివి కూడా అంటగట్టడమే.

పాఠభేదం

అసలు గొడవ ఇక్కడ. ఈ పద్యానికి నాకు తెలిసి రెండు ప్రతులు ఉన్నాయి. ఒకటి మా మామ నోటుబుక్కు, కోయంబత్తూరు పాఠం. రెండోది మధురలో నా బావమరిది దగ్గర, ఆయన తన ఫోన్లో తమిళ లిపిలోనే దింపుకున్న నకలు. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒక్కటే అక్షరం. కాబట్టి మూడో పాదం చివర "రక్ష గాగ" అని చదవవచ్చు, "రక్ష కాక" అనీ చదవవచ్చు. మొదటిదాంట్లో రాగి ఉంగరం రక్ష అవుతుంది. రెండోదాంట్లో కాదు! ఒక్క అక్షరానికి వేదాంతమే తిరగబడింది.

బావమరిది రెండో పాఠం వాడు. "బావా, ఉంగరం రక్ష కాదని కవే చెప్పినాడు, పాతదే వేస్తే ఏమి?" అని పాత వాషరునే నాలుగు సర్వీసులుగా వాడుతున్నాడు. నేను ఛందస్సు చూశాను. రెండూ సరిపోతాయి, యతికీ ఇబ్బంది లేదు. ఉచ్చారణ చూశాను. తమిళులు మాట మధ్యలోని ఒంటి కకారాన్ని గకారంగా పలుకుతారు కనుక "గాగ" వైపే మొగ్గు. అయినా ఆయన ఒప్పుకోలేదు. "మా మధుర వాళ్లది వచనం, పద్యాలతో మాకు పని లేదు" అన్నాడు. ఆ మాటలో కొంత నిజముంది. తంజావూరు యక్షగానాలకు పేరుపడితే మధుర నాయకుల కాలం తెలుగు వచనానికి పేరుపడింది. 1706 నుంచి 1732 దాకా ఏలిన విజయరంగ చొక్కనాథుడు శ్రీరంగ మాహాత్మ్యాన్ని వచనంలోనే రాశాడు. కానీ బావమరిది కారు నిలిపేచోట నేల మీద అరచేతి వెడల్పున నల్లటి మరక ఉంది. ఆ సాక్ష్యం ముందు ఏ పాఠాంతరమూ నిలవదు.

ఉంగరం రక్ష ఎలాగంటే, రాగి మెత్తన. బిగిస్తే నలిగి, ప్లగ్గుకూ సంపుకూ మధ్య ఉన్న గీతలనూ గుంటలనూ నింపుతుంది. ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది, రెండోసారి అంత నలగదు. అప్పుడు చుక్క చుక్కగా కారుతుంది. కారుతోందని ఇంకొంచెం బిగిస్తాడు. మళ్లీ కారుతుంది, మళ్లీ బిగిస్తాడు. చివరికి తెగేది మర. అంటే పొదుపు చేసింది వాషరు మీద, పోగొట్టుకున్నది సంపు. మా మామ పాత రాగి వాషరును స్టవ్ మీద ఎర్రగా కాల్చి చల్లార్చేవాడు. అలా చేస్తే రాగి మళ్లీ మెత్తబడుతుంది. ఇప్పుడంత ఓపిక అక్కర్లేదు, కొత్తదే కొనండి. ఇక్కడ "రాగి" ఉపలక్షణం. మీ కారుకు అల్యూమినియందో ఫైబరుదో ఉంటే అదే గ్రహించాలి. మా మేనకోడలు ఈ మాటను రాగిపిండి అనుకుని, "సంగటి ఉంగరమా మామా?" అని అడిగింది. ఆ పాఠాన్ని పరిగణించలేదు.

శంక, సమాధానం

విప్పడం గురించి కవి ఎందుకు చెప్పలేదు? విప్పడం అందరికీ వచ్చని. ఇది కవి పొరపాటు. ప్లగ్గు తలను ఎదురుగా చూస్తూ ఎడమకు తిప్పితే విడుతుంది. పక్కనుంచి చెయ్యి దూర్చి పైనుంచి ఊహించుకునేవాడికి కుడి ఎడమలు తారుమారై, విప్పుతున్నాననుకుంటూ బిగిస్తాడు. నోరు తెరిచిన స్పానరు తల మూలలను అరగదీస్తుంది. సరైన కొలత రింగు స్పానరు వాడాలి. కారును జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరేవాడికి ఏ టీకా అక్కర్లేదు.

మూడు చుట్ల తర్వాత, చివర ఎంత బలం? దీనికీ పద్యంలో జవాబు లేదు. కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా చిన్న కార్లకు 30 నుంచి 40 న్యూటన్ మీటర్లు. అడుగు పొడవు స్పానరు కొసన సుమారు 12 కిలోల లాగుడు అన్నమాట, అంతే. నేను ఒకసారి స్పానరుకు మీటరు పొడవు పంపు పైపు తొడిగాను. కోయంబత్తూరులో పంపు పైపుకు కరువా? అదే 12 కిలోల లాగుడుకు తిప్పే బలం మూడింతలకు పైగా పెరిగింది. ప్లగ్గు ఒక్కసారిగా తేలికైపోయింది. ఆ తేలిక ఎరిగినవాడికే తెలుసు ఆ క్షణం గుండె ఎక్కడికి జారుతుందో. గణపతి అనే పేట వైపు ఒక లేత్ పట్టరలో (కార్ఖానాలో) రంధ్రాన్ని పెద్దగా కోసి, స్టీలు తీగ చుట్ట మర కూర్చి కారు నిలబెట్టారు. మామ వచ్చి చూసి, "చేత్తో పోవల్ల రా తమ్ముడా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఆ మామ తరం వాళ్లకు జి.డి. నాయుడు పేరు ఇంట్లో మనిషి పేరుతో సమానం. 1893లో కలంగల్‌లో పుట్టిన ఈ తెలుగింటి ఆయన, ఒక మోటారు సైకిలును కొని, విప్పి, మళ్లీ బిగించి యంత్రాలు నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచ్చి, పళనిల మధ్య ఒకే ఒక బస్సుతో సర్వీసు మొదలుపెట్టాడు. ఆయన కథ చెప్పేవాళ్లందరూ విప్పడం దగ్గర ఆగుతారు. నాకు మాత్రం మళ్లీ బిగించడమే గొప్పగా తోస్తుంది. అవినాశి రోడ్డులో ఆయన పేరిట ఉన్న కార్ల మ్యూజియానికి వెళ్లినప్పుడల్లా నేను బానెట్ల వైపు చూడను. వంగి కింద చూస్తాను. కాపలా అతను ఒకసారి, "ఏమి సార్ పడిపోయింది?" అని అడిగాడు.

దించిన పాత ఆయిలును నొయ్యల్ నది పాలో వైగై నది పాలో చేయకుండా డబ్బాలో పట్టి మెకానిక్ షాపుకు ఇవ్వాలని ఇంకో పద్యం ఉండాలి. నోటుబుక్కులో ఆ పుట చిరిగిపోయింది.

పాఠకులకు ఒక విన్నపం. ఈ తేటగీతి తెలుగు లిపిలో రాసిన ప్రతి మీ ఇళ్లలో, పాత సర్వీసు పుస్తకాల్లో ఎక్కడైనా కనబడితే దయచేసి తెలియజేయండి. మూడో పాదం చివరి మాట ఒక్కటి చాలు. వీలైతే వాషరు కొలత కూడా రాయండి, బావమరిదికి కొని పంపాలి.