‘ప్లీజ్ వెయిట్’కు టీకా తాత్పర్యము

మూలము:
లోడింగ్ కస్టమ్ రూల్స్... ప్లీజ్ వెయిట్...

అవతారిక: హబ్సిగూడ ఎనిమిదో నంబరు వీధిలో, రీసెర్చి స్కాలర్ల అద్దెగదిలో, ఒకడు భూగర్భమునకు నమూనా కట్టుటకై సాఫ్ట్‌వేర్ తెరువగా తెర ఇట్లు పలికెను. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఉన్న తావు గనుక ఇచట నేలక్రింది సంగతులు మాట్లాడువారికి కొదవ లేదు.

ప్రతిపదార్థము: (ఓ స్కాలరూ! అని అధ్యాహారము) కస్టమ్ = నీ సీనియర్లు తమకు తోచినట్లు చేర్చిన; రూల్స్ = నియమములను; లోడింగ్ = ఎత్తుకొనుచున్నాను; ప్లీజ్ = నీకు వేరు దారి లేదు గనుక; వెయిట్ = కూర్చుండుము; చుక్కలు మూడు = ఎంతసేపని అడుగకుము.

తాత్పర్యము: హైదరాబాదు గ్రానైటు సుమారు 250 కోట్ల ఏండ్లుగా కదలక కూర్చున్నది. దాని బొమ్మ గీయువానికి అరగంట ఓపిక ఉండరాదా అని భావము.

శంక: నమూనాలోని గళ్లు మరీ చిన్నవి చేసినందున ఈ జాప్యమని కొందరు. అదియు తక్కువ బాధ కాదు. తరంగముల లెక్కలో గడి కొలత సగము చేసిన, మూడు దిక్కులా కలిసి గళ్లు 8 రెట్లగును; 1928 నాటి కూరంట్–ఫ్రీడ్రిక్స్–లెవీ నియమము వలన కాలపు అడుగు కూడ సగమై పని 16 రెట్లగును. కాని ఇచట లెక్క మొదలైతే గదా! ఫైలు తెరుచుకొనుటకే తెల్లవారుచున్నది.

సమాధానము: దోషము కాన్ఫిగరేషన్ ఫైలులోని ప్రక్షిప్తములది. మొదటి సీనియరు 40 రాతిపొరలకు పేర్లు పెట్టి, ఏది దేనిని తాకవచ్చునో జంటజంటకు తనిఖీ పెట్టెను. జంటలు 780. వెనుక వచ్చినవారు పొరలను 80 చేసిరి. జంటలు 3,160. పొరలు రెట్టింపు, తనిఖీ నాలుగింతలు. పైగా ఒక పొర రంగు మార్చినను తనిఖీ అంతయు మొదటినుండి. రంగునకును రాతి వయసునకును ఏమి చుట్టరికమో ఆ నియమము వ్రాసిన మహానుభావునికే ఎరుక. ఆయన ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉన్నాడు. నడుమ ‘టెంప్_ఫైనల్_న్యూ_2’ అను ఖండమొకటి, దాని నెత్తిన ‘తీయకండి’ అని వ్రాత. ఇది శుద్ధ ప్రక్షిప్తమని నా మతము. తీయబోగా పక్క మంచపు సీనియరు లేచి, “ముట్టకు తమ్మీ, మొత్తం ఆగిపోతది” అనెను. దోషమెచటనో తేల్చుటకు సగము నియమములను మూసి, ఫైలు తెరిచి, భారము ఏ సగమున ఉన్నదో చూచి, మరల ఆ సగమును సగము చేయుట శాస్త్రసమ్మతమే. థీసిస్ ఇచ్చు నెలలో అంత సాహసము చేయువాడెవడు?

పాఠాంతరము: కొన్ని తెరలయందు తుద ‘నాట్ రెస్పాండింగ్’ అని కలదు. ఆ పాఠమునకు కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అను మువ్వురే ప్రామాణిక వ్యాఖ్యాతలు.