సరి-బేసి సూత్రానికి అలిపిరి టీక

మూలం: పిడికెడు గింజలు, సరా బేసా?

ప్రతిపదార్థం: పిడికెడు = రెండో తరగతి పిల్ల గుప్పిట్లో పట్టినన్ని; గింజలు = చింతగింజలు (చింతపండు కొట్టినప్పుడు అవ్వ డబ్బాలో దాచినవని సంప్రదాయజ్ఞులు); సరా = జతలు పెడితే ఏమీ మిగలదా; బేసా = ఒంటిది ఒకటి మిగులుతుందా. ‘చెప్పు’ అనే క్రియను పాఠకులే తెచ్చుకోవాలి.

తాత్పర్యం: గుప్పిట విప్పి గింజల్ని రెండేసి పక్కకు జరపాలి. చెయ్యి జతలు పెడుతుంటే నోరు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది అంటుంది. ఇదే రెండో ఎక్కం, ఇంకా బట్టీ పట్టనిది.

విశేషం: ఇక్కడ రెండు మతాలున్నాయి. చివరి అంకె 0, 2, 4, 6, 8 అయితే సరి అని అయ్యవార్ల మతం. జత పెట్టి చూడమని అవ్వల మతం. పరీక్షకు మొదటిదే వేగం, కాదనలేం. అయితే 347లో ఏడునే ఎందుకు చూడాలని పిల్ల అడిగిందనుకోండి. పదులూ వందలూ ఎన్నున్నా జతలుగా విడిపోతాయి, తేలాల్సింది ఒకట్ల సంగతే అని చూపాలి. దానికి మళ్లీ గింజల డబ్బానే దిక్కు.

శంక: గుప్పిట ఖాళీ అయితే?

సమాధానం: మిగిలేది లేదు గనుక సున్న సరి. పిల్లలు దీన్ని తొండి అంటారు. శాస్త్రం మాత్రం వాళ్ల పక్షాన లేదు.

బేసి అంటే చిన్నచూపు కూడదు. తిరుమల కొండలు ఏడు. అలిపిరికి దగ్గర్లోనే కపిలతీర్థంలో ఉన్న మూడు కళ్ల శివుడికి మరో పేరే బేసికంటి.

ఉదాహరణం: అలిపిరి కాలిబాటలో 3,550 మెట్లు. మెట్టుమెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, నడుం పట్టుకుని లేచే అవ్వది ఒకట్ల లెక్క. పక్కనే రెండేసి దూకే మనవరాలిది రెండ్ల లెక్క. 1,775 దూకుల్లో చివరి మెట్టు మీద సరిగ్గా కాలు పడుతుంది. (3,550 సరి, దాని సగం బేసి. సరిలో సగమూ సరే కావాలని ఎవరూ ఒట్టు పెట్టలేదు.) ఐదేసి అయితే 710 చాలు, కాళ్లు ఒప్పుకుంటే. నాలుగేసి అయితే రెండు మెట్లు మిగులుతాయి. శ్రీవారిమెట్టు దారి స్వభావం వేరు. అక్కడి 2,388 మెట్లు రెండ్లకూ మూళ్లకూ నాలుగ్లకూ లొంగి, ఐదుల దగ్గర మూడు మిగులుస్తాయి.

అలిపిరిలో మూడేసి దూకితే 1,183 దూకులకు 3,549. ఒక్క మెట్టు మిగిలింది. దాన్నేం చేయాలని మనవరాలి పూర్వపక్షం.

“ఆగు పాపా, దానికింకా బొట్టు పెట్టలే” అని అవ్వ సిద్ధాంతం.