దానిదేముందిలే!

కాలిఫోర్నియాలోని మా డోహర్టీ వ్యాలీలో మూడు కార్లు పట్టే గరాజ్ ఉండి కూడా కార్లన్నీ బయట ఎండలో మాడుతుంటే, ఆ ఇంట్లో ఒక డెకరేషనక్క ఉందని లెక్క. మా శాన్ రామన్ ఊళ్ళో పేటకొకరు తప్పక ఉంటారు. నేను చెప్పేది మా పేట అక్క గురించి. తక్కిన అక్కలు ఇది తమ గురించేననుకుంటే ఆ పాపం నాది కాదు.

గరాజ్‌లో ఎడమవైపు గెలలతో సహా ఆరు ప్లాస్టిక్ అరటిచెట్లు. కుడివైపు ముగ్గులేసిన పీటలు, ఇత్తడి బిందెలు, కొండపల్లి అంబారీ ఏనుగు, సూట్‌కేసులో వస్తూ ఒక చక్రం పోగొట్టుకున్న ఎడ్లబండి. బావగారు తలుపు తీసినప్పుడల్లా పైనుంచి ఓ బంతిపూల తోరణం జారి ఆయన మెళ్ళో పడుతుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు కూడా రోజూ మెళ్ళో దండ పడే మగాడు మా ఊళ్ళో ఆయనొక్కడే.

పనిలో అక్కను మించినవాళ్ళు లేరు. చిక్కంతా ధర దగ్గరే.

"ఎంతవుతుందక్కా?" అని అడిగామా, అక్క ముఖం పెళ్ళిచూపుల్లో పాట పాడమన్న పిల్లలా అయిపోతుంది. "దానిదేముందిలే! ముందు ఫంక్షన్ బాగా జరగనీ" అంటుంది. ఫంక్షన్ అయ్యాక అడిగితే "ఇప్పుడా తొందరేముంది" అంటుంది. నెల పోయాక అడగడానికి మనకు గుర్తుండదు, ఆవిడకు నోరు రాదు. అలాగని లెక్కలు రాని మనిషనుకునేరు. జిగురు కడ్డీలు పదకొండు డాలర్ల పాతిక సెంట్లు, జిప్ టైలు ఎనిమిది, వ్యాన్ అద్దె తొంభై ఐదు అని డైరీలో సెంట్లతో సహా రాసిపెడుతుంది. ఆ కాగితం మీద లేనిదల్లా ఆవిడ చెయ్యి.

ఈ జబ్బు పుట్టుకతో వచ్చింది కాదు, వీసాతో వచ్చింది. హైదరాబాద్‌లో అక్క సాఫ్ట్‌వేర్ టెస్టర్. జీతం పెంచమని మేనేజరుతో అరగంటసేపు పోట్లాడి గెలిచిన చరిత్ర ఉంది. పెళ్ళయి హెచ్-4 మీద ఇక్కడ దిగింది. ఆ వీసా మీద అప్పుడు పని చేసి పైసా తీసుకోకూడదు. చేతులేమో ఊరుకోవు. పక్కింటి సీమంతానికి పందిరి, ఎదురింటి అన్నప్రాశనకు పీట, ఎవరో తెలిసినవాళ్ళ బొమ్మల కొలువుకు మెట్లు, అన్నీ ఊరికే చేసిపెట్టింది. ఎవరైనా నోటు చేతిలో పెట్టబోతే "వద్దు వద్దు, దానిదేముంది" అనేది. అప్పట్లో అది మర్యాద మాట కాదు, చట్టం. 2015 మే 26 నుంచి, గ్రీన్‌కార్డు కోసం వేసిన ఐ-140 అర్జీ ఆమోదమైనవాళ్ళ, హెచ్-4 మీదున్న భార్యాభర్తలు పని చేసుకోవచ్చన్నారు. అక్కకూ ఆ పని కార్డు వచ్చింది. ప్రభుత్వం ఒప్పుకుంది, నోరే ఇంకా ఒప్పుకోలేదు. ఏళ్ళ తరబడి "వద్దు" అని అలవాటైన నోటికి "ఇవ్వండి" అనే క్రియాపదం తిరగదు. మొహమాటానికి వర్క్ పర్మిట్ అక్కర్లేదు కదా!

ఈ సంగతి మనవాళ్ళకు బాగా తెలుసు. ఉదయ్‌పూర్ కోటలో జరిగిన పెళ్ళి ఫోటో పంపి "సింపుల్‌గా ఇలాంటిది చాలు అక్కా" అంటారు. సింపుల్‌గా అన్న మాట వినగానే అక్క ఎడం చెయ్యి బొటనవేలు దానంతటదే లోపలికి ముడుచుకుంటుంది. గ్లూ గన్ కాల్చిన మచ్చ దాని మీదే ఉంది. ఇంకో రకం వాళ్ళుంటారు: "ఇండియాలో అయితే దీనికి ఐదువేలు కూడా కాదు." నిజమే. ఇండియాలో అయితే అరటిచెట్టు కూడా ప్లాస్టిక్‌ది కాదు.

పోయినేడు ఒక పెళ్ళికి అడ్డుతెర గీసింది. కోరా పట్టు మీద, శ్రీకాళహస్తి కలంకారీ తీరులో, రెండు చిలకలు, మధ్యలో మామిడికొమ్మ. నేనొక సాయంత్రం వెళ్ళేసరికి డైనింగ్ టేబుల్ నిండా తెర పరుచుకుని ఉంది, ఇంట్లోవాళ్ళు సోఫాలో కూర్చుని పళ్ళాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నారు. అక్క చిలక ముక్కు దగ్గర కుంచె ఆపి, ఊపిరి బిగబట్టి, ఒక్క గీత గీసి, మళ్ళీ ఊపిరి వదిలింది. "ఆడచిలక కాస్త పొగరుగా ఉండాలి, ఆ పిల్ల అలాంటిదే" అంది. పెళ్ళికూతుర్ని అక్క చూసింది ఒక్కసారే, అదీ జూమ్‌లో. మూడు వారాల పని. తెర ఆయుష్షు అరగంట. జీలకర్ర బెల్లం పెట్టగానే దించేశారు. అందరి కళ్ళూ వధూవరుల మీద, అక్క కళ్ళు తెర మీద. దించేటప్పుడు ఎవరో కుర్రాడు అలక్ష్యంగా ఉండచుట్టబోతే, మంగళవాద్యాల మధ్యలోంచి "మడత, మడత!" అని అరిచింది. బహుశా ఆ పెళ్ళిలో ఆవిడ తన కోసం అడిగింది అదొక్కటే.

ఇలా కాదని కూతురు ఒక బిజినెస్ కోచ్ ఆన్‌లైన్ క్లాసులో చేర్పించింది. వాస్తుశిల్పి రెంజో పియానో గీసిన మా ఊరి సిటీ సెంటర్‌లో, 2018లో తెరిచిన ఆ అద్దాల భవనాల నడుమ, కాఫీ ముందు పెట్టుకుని అక్క శ్రద్ధగా విన్నది. "మీ విలువ మీరు గుర్తించండి, మీ పని వెనక ఉన్న పరమార్థం కనుక్కోండి" అని కోచ్ చెప్పిందట. క్లాసుకు మూడు వందల డాలర్లు, ముందే, క్రెడిట్ కార్డు మీద. మొహమాటం లేకుండా డబ్బెలా తీసుకోవాలో ఆ కోచ్ మొదటి నిమిషంలోనే చేసి చూపించింది. మా అక్కకు అదే మొత్తం పాఠం అని తట్టలేదు. "ఈ పని ఎందుకు చేస్తున్నారు?" అన్న ఖాళీలో అక్క చాలాసేపు ఆలోచించి "బాగుంటుందని" అని రాసింది. మార్కులు పడలేదు.

నాకు తెలిసి లివర్‌మోర్ శివ-విష్ణు ఆలయంలో దేవుడికే ఈ మొహమాటం లేదు. ఏ పూజకెంతో, ఇంటికొచ్చి చేస్తే ఎంతో, అంకెలు వేసి ఉంటాయి. ఈ మాటే అక్కతో అన్నాను. "దేవుడికేం, అడక్కపోయినా ఇస్తారు" అంది. అదేం తర్కమో!

ఇతరుల కష్టానికి మాత్రం అక్క దగ్గర ఖచ్చితమైన లెక్క ఉంది. బంతిపూల సంగతే చూడండి. బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికో. నవంబరు మొదట్లో అక్కడివాళ్ళ పెద్దల పండగ వస్తుంది కనక, మన దీపావళి రోజుల్లో మెక్సికన్ కొట్లలో బంతి రాశులు పోస్తారు. అక్క అక్కడ బేరమాడదు. "పాపం, ఎవరో ఎండలో నిలబడి కోసుంటారు" అని చెప్పిన ధర ఇచ్చేసి వస్తుంది. ఎండలో నిచ్చెనెక్కి ఆ పూలు కట్టేది ఎవరో అడిగితే జవాబుండదు.

ఇక నా వంతు వచ్చింది. మొన్న మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి అక్కనే పిలిచాను. ఈసారి ఆశ్చర్యంగా పీడీఎఫ్ వచ్చింది! పన్నెండో క్లాసు చదువుతున్న కూతురు తయారుచేసిందట. పూలు, ఆర్చ్ అద్దె, వ్యాన్, జిగురుతో సహా అన్నీ వరసగా ఉన్నాయి. చివరి వరసలో "డిజైన్, చేతిపని: 120 డాలర్లు." వెనకే ఫోన్. "చూసి భయపడకు, పిల్ల ఏదో వేసింది." భయం సంగతి దేవుడెరుగు, నాకు లోపల సంతోషంగా ఉంది. వెంటనే జెల్‌లో డబ్బు పంపేశాను.

ఫంక్షన్ రోజు వేదిక చూసి వచ్చినవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. అక్క మాత్రం ఫోటోల మధ్యలో మూడుసార్లు వెళ్ళి వాలిన తామరమొగ్గను సర్దింది. సగం డబ్బు ముందే తీసుకున్న ఫోటోగ్రాఫరు "ఆంటీ, ఫ్రేమ్‌లోంచి తప్పుకోండి" అని కసిరాడు. భోజనాల దగ్గర కూతురు నా పక్కకొచ్చి మెల్లగా చెప్పింది: "ఆంటీ, నేను పన్నెండు వందలని టైప్ చేశాను. పంపేముందు అమ్మ ఒక సున్నా కొట్టేసింది." నా నోట్లో అప్పుడు లడ్డూ ఉంది. ఏమనడానికీ వీల్లేకపోయింది.

ఇంటికొచ్చి చదివింపుల కవర్లు విప్పాం. అక్క పేరున్న కవర్లో నూటపదహారు డాలర్లు. ఆవిడ చేతిపనికి మిగిలింది నాలుగు.

మర్నాడు పొద్దున్నే తక్కిన వెయ్యిన్నీ ఎనభై జెల్ చేశాను. పది నిమిషాల్లో వెనక్కొచ్చింది, "దానిదేముందిలే" అన్న మెమోతో. మళ్ళీ పంపాను. మళ్ళీ వచ్చింది, ఈసారి "పిల్లకు దిష్టి తీశావా?" అని అడుగుతూ. మూడోసారి కూతురి ఖాతాకు పంపాను.

రెండు నిమిషాల్లో రసీదు పీడీఎఫ్ వచ్చింది.