ఎర్రమూత సిరంజికి

ఎర్రమూత సిరంజీ,

నీ మీద నాకు పగేమీ లేదని ముందే చెప్పేస్తున్నాను. మా అమ్మ ఏళ్ళ తరబడి నీ మీదే ఆధారపడి ఉంది. పొద్దున టిఫినుకి ముందు, రాత్రి భోజనానికి ముందు, చీర కొంగు కాస్త పక్కకి జరిపి పొట్టమీద గుచ్చుకుంటుంది. ఆవిడ ఇన్సులిన్ సీసా మీద మిల్లీలీటరుకి 40 యూనిట్లని ఉంటుంది. నీ ఒంటిమీది గీతలూ ఆ లెక్కకే గీశారు. మీ ఇద్దరికీ జోడీ కుదిరింది, సంతోషం. నా గొడవంతా నువ్వు మా భీముడి జోలికి రావడం గురించి.

భీముడు మా పిల్లి. ఒకప్పుడు ఆరు కిలోలుండేవాడు, ఇప్పుడు నాలుగు. వాడికి షుగరు. అదొక్కటే అయితే నీకీ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. ముందు చిగుళ్ళు వాచి నోరంతా పుండ్లు పడ్డాయి, స్టొమటైటిస్ అన్నారు. నొప్పికి ఓర్చుకోలేక వాడు తిండి మానేస్తే స్టెరాయిడ్ ఇచ్చారు. స్టెరాయిడ్ నోటికి మేలు చేసింది కానీ ఒంట్లో ఇన్సులిన్‌ని పనిచేయనివ్వలేదు. ఆపరేషన్ చేయించిన మగపిల్లి, అందులోనూ లావుపాటిది, షుగరుకి అసలే దగ్గరి చుట్టం. పైగా కిడ్నీలు. నీళ్ళగిన్నె గబగబా ఖాళీ అవుతోందంటే అది షుగరు పనో కిడ్నీల పనో మేం చూసి చెప్పలేం. రెండింటి లక్షణమూ అదే.

డాక్టరుగారు గ్లార్జిన్ రాశారు. పన్నెండు గంటల ఎడంతో రోజుకి రెండుసార్లు ఇస్తే పిల్లులకి బాగా పట్టే మందు. మనుషుల కోసం చేసిందే, కానీ మిల్లీలీటరుకి 100 యూనిట్లు. దానికి నారింజ మూత సిరంజి కావాలి. సరిగ్గా అక్కడే నువ్వు దూరతావు. నీలో ఒక గీత అంటే మిల్లీలీటరులో నలభయ్యో వంతు. ఆ వంతులోకి 100 బలం మందు ఎక్కిస్తే రెండున్నర యూనిట్లు. వాడికి రాసింది ఒక్క యూనిట్. సోలలు లెక్కపెట్టమంటే తవ్వతో కొలిచినట్టే. నువ్వు తవ్వని కూడా మించిపోయావు. పిల్లి మోతాదు పెంచినా తగ్గించినా అర యూనిట్ చొప్పున, అదీ డాక్టరు చెబితేనే. అలాంటి చోట ఒకటిన్నర యూనిట్లు ఎక్కువ పడితే ఏమవుతుందో తెలుసా? ముందు ఆకలి ఆకలిగా తిరుగుతుంది, తర్వాత తూలుతుంది, చివరికి ఫిట్స్ వస్తాయి. అప్పుడు తేనో గ్లూకోజు నీళ్ళో చిగుళ్ళకి రుద్ది ఆసుపత్రికి పరిగెత్తమంటారు. వేలు తగిలితేనే కెవ్వుమనే చిగుళ్ళకి!

నువ్వు మా ఇంటికి ఎలా వస్తున్నావో కూడా చెబుతాను. మందుల షాపులో నారింజ మూత అని అడుగుతాను. నిన్నే తీసి బల్లమీద పెడతారు.

“ఇవి ఎర్రవి కదండీ.”

“ఇన్సులిన్‌వే అమ్మా. మూతేగా, తీసి పారేసేదే.”

“అయ్యా, గీతలు తేడా. 100వి కావాలి.”

“ఇంతకీ ఎవరికి?”

“పిల్లికి.”

“పిల్లికి షుగరా! పాలల్లో పంచదార తగ్గించండి మరి.”

షాపులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, జోకు బాగానే ఉంది. ఆయన్ని అని ఏం లాభం, అక్కడికి సీసా కోసం వచ్చే చాలామందికి కావలసింది నువ్వే. కానీ ఆయన అన్న ముక్క నన్ను వదల్లేదు. మూత తీసి పారేస్తే రంగు పోతుంది. నీ ఒంటిమీద మిగిలేది ఆవగింజంత అక్షరాల్లో ఒక 40. కళ్ళజోడు వెతుక్కునే వేళ, పొద్దున్నే అరచీకట్లో, దాన్ని ఎవరు చదువుతారు?

డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురు కూడా నీ తరఫునే మాట్లాడింది. దాని పిల్లికీ షుగరే. “మా డాక్టర్ యూ-40 సిరంజే వాడమన్నాడక్కా” అంది. దాని మాట అబద్ధం కాదు. అక్కడ జంతువుల కోసమే చేసే ప్రోజింక్ ఇన్సులిన్ 40 బలమే, కుక్కలకీ పిల్లులకీ ఇచ్చే వెట్‌సులిన్ కూడా అంతే. ఆ సీసాల పక్కన నీలాంటిదే సరైనది. మా సీసా వేరు. సీసా పేరు అడగకుండా సిరంజి సలహా తీసుకుంటే అంతే సంగతులు. సూదే అక్కర్లేని మాత్ర ఉందని కూడా చెప్పింది. నిజమే, బెక్సాగ్లిఫ్లోజిన్‌కి 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అయితే అది అప్పటికే ఇన్సులిన్ మీద ఉన్న పిల్లికి కాదు, మొదలుపెట్టే ముందు కిడ్నీలూ లివరూ పరీక్షించాలి. భీముడు రెండు విధాలా బయటే.

నోరు నొప్పి పుట్టిన రోజు చూడాలి వాణ్ణి. గిన్నె దగ్గరికి వస్తాడు, వాసన చూస్తాడు, ఒక ముక్క నోట పెట్టుకుని వదిలేస్తాడు, ముంగాలితో మూతి తుడుచుకుంటూ వెనక్కి తగ్గుతాడు. తినని పిల్లికి మామూలు మోతాదు గుచ్చితే షుగరు పడిపోతుంది. బొత్తిగా మానేస్తే మళ్ళీ చుక్కలంటుతుంది. అందుకే ముందు తిండి, తర్వాత సూది, తినకపోతే డాక్టరుగారికి ఫోను. తిండిలోనూ తగువే. కిడ్నీలకి ఫాస్ఫరస్ తగ్గించాలంటారు, షుగరుకి పిండిపదార్థం తగ్గించి మాంసకృత్తులు పెంచాలంటారు. కిడ్నీ మేత కొంటే పిండి ఎక్కువ, షుగరు మేత కొంటే ఫాస్ఫరస్ ఎక్కువ. చివరికి పిండి తక్కువున్న తడి మేతలో, ఫాస్ఫరస్‌ని పట్టేసే పొడి కలపమన్నారు. వాడు ఆ పొడి ఉన్న మూలని వదిలేసి మిగతాది నాకుతాడు.

ఆసుపత్రికి తీసుకెళ్ళి షుగరు చూపిద్దామంటే భయానికే పెరిగిపోతుంది. అందుకని ఇంట్లోనే చెవి అంచున సూదిమొనతో పొడిచి చుక్క తీస్తున్నాం. అమ్మ గ్లూకోమీటరు పిల్లి రక్తంలో ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంటుంది, ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి. భయంతో పెరిగిందా నిజంగా పెరిగిందా తేలాలంటే ఫ్రక్టోసమైన్ పరీక్ష ఉంది, అది కొన్ని రోజుల సగటు చెబుతుంది. మొదట్లో వాడు వెనక్కాళ్ళ మడమలు నేలకానించి కుందేలు నడక నడిచేవాడు, షుగరు నరాల్ని పట్టుకోవడం వల్ల. ఇప్పుడు పాదాల మీద లేస్తున్నాడు. ఇంత దూరం వచ్చాక నీ ఒక్క గీత వల్ల పోగొట్టుకోలేను.

ఇంకో సంగతి, నువ్వూ నారింజ మూతా ఒకే ఇంట్లో ఉండటం వల్ల ప్రమాదం ఒక్క పిల్లికే కాదు. నారింజ మూత వెళ్ళి అమ్మ సీసాలో పడితే, ఆవిడ ఇరవై గీత దాకా లాగినా ఒంట్లోకి పోయేది ఎనిమిది యూనిట్లే. ఆవిడ షుగరు కొండెక్కి కూర్చుంటుంది, కారణం ఎవరికీ తెలియదు. అందుకే మీ ఇద్దరినీ విడదీశాను. నువ్వూ అమ్మ సీసా ఫ్రిజ్ పై అరలో, ఎర్ర రిబ్బను కట్టిన డబ్బాలో. భీముడి సరంజామా తలుపు అరలో కాదు, లోపల కింది అరలో, అర యూనిట్ గీతలున్న 0.3 మిల్లీలీటర్ల నారింజ మూతలతో. తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి తగిలే చోట ఇన్సులిన్ పెట్టకూడదు కదా.

ఇక షాపుకి పంపే చీటీ మీద “ఇన్సులిన్ సిరంజి” అని రాయడం మానేశాను. మందు పేరు, దాని బలం, సిరంజి మీది అంకె, మూత రంగు, నాలుగూ రాస్తున్నాను. పిల్లికి అని మాత్రం రాయడం లేదు. ఆ చీటీ చదివాక కూడా నువ్వే సంచిలో దూరి వస్తే, బిల్లుతో సహా వెనక్కి పంపిస్తాను. అమ్మ చీటీ మీద రా, ఎప్పుడైనా రా. వచ్చేటప్పుడు నీ ఒంటిమీది ఆ 40ని కాస్త పెద్దక్షరాల్లో అచ్చు వేయించుకుని రా.

ఇట్లు,
రెండు సీసాల ఇంటావిడ