ఖాళీలూ లెక్కే

విశాఖలో పిల్లాడు డాక్టరు కావాలంటే ఒక్క వాక్యం రాయనక్కర్లేదు. నీట్‌లో 180 ప్రశ్నలు, 720 మార్కులు, నింపడానికి ఓఎంఆర్ షీటు నిండా సున్నాలు. రోగుల మీద దయ ఉందా అని ఎవరూ అడగరు. తప్పుకి ఒక మార్కు కోస్తారు. 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీకైనా దారి అదే.

అమెరికాలో పుట్టిన మనవడికి అలా కుదరదు. అక్కడి వైద్య కళాశాలల ఉమ్మడి దరఖాస్తులో, డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నాడో 5300 అక్షరాల్లో చెప్పుకోవాలి. కుర్రాడు సెలవులకొచ్చి, కూర్మన్నపాలెంలో ఆ కాగితం బయటపెట్టాడు. అంతే, కమిటీ కూర్చుంది.

బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసి రిటైరైన తాతయ్యకి షిఫ్టు లాగ్‌బుక్ శైలి కావాలి: తేదీ, సమయం, జరిగింది, తీసుకున్న చర్య. “ఇదేటిరా, మొదటి పేరాలో సూర్యుడెందుకు?” నర్సు మేనత్త దాన్ని కేస్‌షీటులా మార్చేసింది. తెలుగు లెక్చరరు పెదనాన్న మాత్రం ‘మానవసేవే మాధవసేవ’తో మొదలెట్టమన్నాడు. ఆ ముక్కతో మొదలైన వ్యాసం చదివి ఏ మాస్టారూ ఇంతవరకూ ఉలిక్కిపడలేదు.

శైలి కోసం తగువు ఈ ప్రాంతానికి కొత్త కాదు. వందేళ్ల కిందట పరీక్షలో పిల్లలు గ్రాంథికం రాయాలా, వాడుకభాష రాయాలా అని పెద్దలే కలబడ్డారు. గిడుగు, గురజాడలతో పాటు విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారూ వాడుకభాష వైపు నిలబడ్డారు. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఏకంగా అసమ్మతి పత్రమే సమర్పించారు. మాట్లాడినట్టు రాయడానికి అంత పోరాడిన చోట, ఇప్పుడు మాట్లాడినట్టు రాస్తే “కాస్త బరువుగా ఉండాలమ్మా” అంటున్నారు.

నిజానికి కుర్రాడి చిత్తుప్రతిలో ఒక మంచి పేరా ఉంది. కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ దగ్గర, ఒడిశా నుంచి వచ్చిన ముసలమ్మకి తెలుగు రాదు, వీడికి ఒడియా రాదు. ఇద్దరూ చీటీ పట్టుకుని మూడు తప్పు గదులకి వెళ్లారు. నాలుగో గది దగ్గర ఆవిడే దారి కనిపెట్టి వీణ్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. సూర్యుడూ మాధవుడూ లేని ఆ పేరా దరఖాస్తుకి చాలు. కానీ వాడు ఓడిపోయినట్టు కనిపిస్తున్నాడని కమిటీ కొట్టేసింది.

అందరి దిద్దుబాట్లూ కలిపేసరికి ఆరువేలు దాటింది. పదాల మధ్య ఖాళీలు కూడా లెక్కేనని మనవడు చెప్పాడు.

“అయితే ఖాళీలు తీసెయ్,” అన్నాడు తాతయ్య.

పెదనాన్న కళ్లజోడు సర్దుకున్నాడు. “ఇంగ్లీషులో సంధి లేకపోవడం వల్ల వచ్చిన తిప్పలివి.”