పీక్ పట్టికలో ఒక వరుసకు టీకా తాత్పర్యం

మూలం: ఎమ్‌జెడ్ 195.0877, ఆర్‌టి 212, ఇంటో 51,00,000, మాక్సో 6,00,000, ఎస్‌ఎన్ 5,99,999.

అవతారిక: కాఫీ డికాక్షన్‌ను ద్రవ క్రొమటోగ్రఫీ కాలమ్ గుండా పంపి, ఒకదాని వెనుక ఒకటిగా దిగే పదార్థాలను మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అయాన్లుగా మార్చి కొలవగా పుట్టిన అసంఖ్యాక బిందువుల నుంచి పీక్‌లను, అనగా లేచి తగ్గే సంకేతాలను, ఏరి కూర్చిన కర్త 2006లో వెలువడిన ఎక్స్‌సిఎమ్‌ఎస్ అనే సాఫ్ట్‌వేర్, అనుసరించిన రీతి 2008 నాటి సెంట్‌వేవ్. కర్త మితభాషి కనుక వ్యాఖ్య ఆవశ్యకం.

ప్రతిపదార్థం: ఎమ్‌జెడ్ = అయాను ద్రవ్యరాశిని ఆవేశంతో భాగించగా వచ్చినది; ఆర్‌టి = కాలమ్ దిగడానికి పట్టిన సెకన్లు; ఇంటో = పీక్ కింది వైశాల్యం; మాక్సో = పీక్ ఎత్తు; ఎస్‌ఎన్ = నాయిస్‌కు సంకేతం ఎన్ని రెట్లో తెలిపే నిష్పత్తి.

తాత్పర్యం: 212వ సెకనున ప్రోటాన్ చేరిన కెఫీన్‌కు సరిపడే బరువుగల అయాను ఒకటి కనిపించినది. అది కెఫీనే అని తీర్పు చెప్పే అధికారం ఈ వరుసకు లేదు. శుద్ధ కెఫీన్‌ను అదే యంత్రంలో, అదే పద్ధతిలో నడిపినప్పుడు అదీ అదే సమయానికి దిగి, అవే ముక్కలుగా విరిగితేనే పేరు పెట్టడం న్యాయం.

విశేషాలు: ఎస్‌ఎన్ విలువలో అతిశయోక్తి అలంకారం స్పష్టం. కొన్ని యంత్రాలు నాయిస్‌ను ముందే తుడిచివేసి ఫైలు రాస్తాయి. చుట్టూ కొలవడానికేమీ మిగలకపోతే సెంట్‌వేవ్ బేస్‌లైన్ (పీక్ అడుగు మట్టం) విలువనూ, నాయిస్ విలువనూ 1గానే ఎంచుతుంది. కాబట్టి ఎత్తులో బేస్‌లైన్ అయిన ఒకటి తీసివేసి, నాయిస్ అయిన ఒకటితో భాగించగా మిగిలినదే ఎస్‌ఎన్‌గా దిగుతుంది. దీన్ని చూసి పీక్ నాణ్యతను మెచ్చుకోవడం తగదు.

పట్టికలో అదే 212 వద్ద 196.0910, 217.0696 కూడా కనిపిస్తే అది పునరుక్తి దోషం: మొదటిది కార్బన్-13 ఒకటి ఉన్న కెఫీన్, రెండవది ప్రోటాన్‌కు బదులు సోడియం అంటిన కెఫీన్. మూడు వరుసలను మూడు పదార్థాలుగా లెక్కించేవారి ఫలితాలు ఈ విధంగానే ఉబ్బుతాయి.

181.0720 వద్ద శ్లేష ఉంది. కెఫీన్‌కు దాయాదులైన థియోబ్రోమిన్, థియోఫిలిన్ రెండింటికీ ఆ సంఖ్య ఒకటే కనుక, అర్థనిర్ణయం ఆర్‌టికి వదలవలసినదే.

పాఠాంతరం: సెంట్‌వేవ్‌కు ఏమీ చెప్పకపోతే పీక్ వెడల్పు 20 నుంచి 50 సెకన్లని భావిస్తుంది, ఐదారు సెకన్లలో ముగిసే పీక్‌లున్న చోట ఆ అంకెలు మార్చకపోతే పాఠం భ్రష్టమవుతుంది.

అధ్యాహారం: ఒక నమూనాలో ఈ వరుసకు విలువ ఖాళీగా ఉంటే, పదార్థం లేదని కాదు, పీక్ పట్టుబడలేదని మాత్రమే అర్థం, అందుచేత అవే హద్దుల నడుమ ముడి సంకేతాన్ని మళ్ళీ కూడి ఖాళీని పూరించడం సంప్రదాయం.

ఫలశ్రుతి: ప్రతి ముఖ్యమైన వరుసనూ ముడి క్రొమటోగ్రామ్‌తో సరిచూసి చదివినవారికి సమీక్షకుల బాధ తగ్గును, చూడక చదివినవారికి ప్రతి నాయిస్ గుట్టా కొత్త అణువుగా సాక్షాత్కరించును.